పేర్లు రాసినవాళ్ళు

ఎన్‌కౌంటర్ వార్త మన పత్రికల్లో దశాబ్దాల పాటు ఒకే అచ్చులో వచ్చింది. అడవిలో గాలిస్తున్న పోలీసుల మీద తీవ్రవాదులు కాల్పులు మొదలుపెడతారు. ఆత్మరక్షణ కోసం పోలీసులు ఎదురుకాల్పులు జరుపుతారు. కాల్పులు ఆగాక వెతికితే ఒకటో రెండో శవాలు, ఒక తపంచా, కిట్‌బ్యాగు, విప్లవ సాహిత్యం దొరుకుతాయి. మిగతావాళ్ళు చీకట్లో తప్పించుకుంటారు. చనిపోయినవాడి పేరు ఇంకా తెలియాల్సి ఉంటుంది.

ఆ పేరు తెలుసుకోవడానికి కొందరు బయల్దేరేవారు. ఒక లెక్చరరు, ఒక వకీలు, ఒక బడిపంతులు, ఒక్కోసారి ఒక డాక్టరు. ఆర్టీసీ బస్సు దిగి, బస్సు పోని చోట నడిచి ఆ ఊరు చేరేవారు. మనిషిని చివరిసారి ఎవరు చూశారు? ఏ పూట? తీసుకుపోయిన జీపు ఏది, అందులో మఫ్టీలో ఉన్నదెవరు? ఇంట్లోంచి వెళ్ళేటప్పుడు ఒంటి మీద ఏ బట్టలున్నాయి, శవం మీద ఏ బట్టలున్నాయి? గాయం చుట్టూ చర్మం కమిలి ఉందా, అంటే తూటా దగ్గర నుంచి తగిలిందా? పంచనామా మీద సంతకం పెట్టిన పెద్దమనుషులకు శవాన్ని చూపించారా? ఇవన్నీ అడిగి, నోట్‌బుక్కులో రాసుకుని, ఆ తర్వాత ఠాణాకు వెళ్ళి పోలీసుల మాట కూడా అడిగేవారు. చెబితే అదీ రాసేవారు, గెంటేస్తే గెంటేశారని రాసేవారు. దీన్నే నిజనిర్ధారణ అన్నారు. తిరిగొచ్చాక పత్రికలకు ఒక ప్రకటన, ఓపిక ఉంటే ఒక చిన్న పుస్తకం, దారి దొరికితే హైకోర్టులో ఒక పిటిషన్.

ఈ దేశంలో రాజ్యానికీ సాయుధ ఉద్యమానికీ మధ్య జరిగిన పోరులో ఇంత పట్టుదలగా, ఇంత కాలం చావుల లెక్క రాసినవాళ్ళు తెలుగునేల మీదే పుట్టారు. ఆ లెక్క రాసే క్రమంలో వాళ్ళూ చచ్చిపోయారు. చివరికి చావుల్నే ఆపగలమేమో అన్న ఆశ దాకా వచ్చి, అక్కడ కూలిపోయారు.

మొదలు గిరాయిపల్లి. 1975 జూలై 25, ఎమర్జెన్సీ పెట్టి నెల రోజులు. మెదక్ జిల్లా అడవిలో సూరపనేని జనార్దన్, లంకా మురళీమోహన్ రెడ్డి, కొలిశెట్టి ఆనందరావు, వనపర్తి సుధాకర్ అనే నలుగురు యువకులు ఎదురుకాల్పుల్లో చనిపోయారని ప్రభుత్వం ప్రకటించింది. అడిగే దిక్కు లేని రోజులవి. అదే ఏడాది డిసెంబరు 1న ముషీరాబాద్ జైల్లో నక్సలైట్ ఖైదీలు భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీశారు. ఆ ఉరి ఆపడానికి చివరి గంట దాకా పెనుగులాడిన వకీళ్ళలో కె.జి. కన్నబిరాన్ ఒకరు.

ఎమర్జెన్సీ పోగానే 1977లో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో జస్టిస్ వి.ఎం. తార్కుండే కమిటీ ఏర్పడింది. కన్నబిరాన్, కాళోజీ నారాయణరావు లాంటివాళ్ళు అందులో సభ్యులు. వాళ్ళు గిరాయిపల్లి చుట్టుపక్కల ఊళ్ళు తిరిగారు. పట్టుకున్న నలుగురినీ చెట్లకు కట్టి కాల్చేశారని తేల్చారు. ముఖ్యమంత్రి వెంగళరావు పాలనలో ఎదురుకాల్పులన్నవి ఎలాంటివో దేశానికి తొలిసారి కాగితం మీద కనపడింది. సుప్రీంకోర్టు మాజీ న్యాయమూర్తి భార్గవ అధ్యక్షతన కమిషన్ వేశారు. పల్లెటూరి మనుషులు వచ్చి, పోలీసుల ఎదుటే, కళ్ళారా చూసింది చెప్పారు. ఆ సాక్ష్యాలు వినపడటం మొదలయ్యాక, ఇక విచారణ తలుపులు మూసి జరపాలని ప్రభుత్వం పట్టుబట్టింది. కమిషన్ గమ్యం చేరకుండానే ఆగిపోయింది. అంత ధైర్యం చేసి నోరు విప్పినవాళ్ళ మొహాన ఆ తలుపు మూసుకున్న తీరు నాకు ఇప్పటికీ అవమానంగానే ఉంటుంది. ఆ రోజున తలుపు తెరిచే ఉంచి ఉంటే తర్వాతి దశాబ్దాల చరిత్ర వేరేగా ఉండేదేమో.

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం అప్పటికే ఉంది. 1970ల తొలి సగంలో పుట్టిన ఆ సంఘానికి తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. 1978 నుంచి కన్నబిరాన్ అధ్యక్షుడయ్యారు. 1983లో ప్రధాన కార్యదర్శిగా వచ్చిన కె. బాలగోపాల్ వరంగల్‌లో గణితం చదివి, కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెబుతున్న యువకుడు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి మనవడు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రభుత్వం 13 మంది చనిపోయారంది, పౌరహక్కుల వాళ్ళు అంతకు ఎన్నో రెట్లని చెప్పారు. లెక్క తేలకపోవడం అప్పటికే మామూలైపోయింది. బాలగోపాల్ చేసిన పని ఆ మామూలును ఒప్పుకోకపోవడం. ఒక్కో చావునూ విడిగా చూడటం. ఎన్నో చావుల్లో ఒకటిగా కాకుండా, ఫలానా ఊళ్ళో ఫలానా తల్లి కొడుకు ఫలానా తేదీన ఎలా చనిపోయాడో రాయడం. సంచీ భుజాన వేసుకుని, ముడతలు పడ్డ చొక్కాతో, ఏ జిల్లాకు ఏ బస్సు ఎన్నింటికో కంఠతా తెలిసిన మనిషి. దళితుల మీద జరిగిన కారంచేడు, చుండూరు హత్యాకాండల నిజనిర్ధారణకూ అదే ఓపికతో తిరిగారు.

ఆ ఓపిక ఎవరికి కంటగింపైందో వరంగల్ చూపించింది. 1985 సెప్టెంబరులో కాజీపేటలో సబ్ ఇన్‌స్పెక్టర్ యాదగిరిరెడ్డిని నక్సలైట్లు చంపారు. మర్నాడు, సెప్టెంబరు 3న, ఆయన శవయాత్ర వరంగల్ వీధుల్లో సాగుతుండగా మఫ్టీలో ఉన్న పోలీసులు డాక్టర్ ఎ. రామనాథం ఆసుపత్రిలోకి చొరబడి ఆయన్ని కాల్చి చంపారని పౌరహక్కుల సంఘం చెప్పింది. రామనాథం పిల్లల డాక్టరు, సంఘం ఉపాధ్యక్షుడు. ఊళ్ళో ఎవరి ఇంట్లో పసివాడికి జ్వరమొచ్చినా ఆయన దగ్గరికే ఎత్తుకుపోయేవారు. అందులో పోలీసుల పిల్లలూ ఉండి ఉంటారు. ఆయన చేసిన నేరమల్లా, లాకప్పులో చచ్చిపోయినవాడి ఒంటి మీద దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో అడగటం.

యాదగిరిరెడ్డి కూడా ఎవరికో తండ్రి, ఎవరికో కొడుకు. ఆ చావును ఎవరూ చిన్నది చేయకూడదు. కానీ చట్టం చేతిలో ఉన్నవాళ్ళు ఆ చావుకు బదులుగా ఒక డాక్టరును ఎంచుకున్నారన్నది పౌరహక్కుల సంఘం మోపిన అభియోగం. దానికి ప్రభుత్వం నుంచి నమ్మదగిన జవాబు ఏనాడూ రాలేదు. ఆ తర్వాత బాలగోపాల్‌ను టాడా కింద జైల్లో పెట్టారు. యాదగిరిరెడ్డి హత్య కేసులో ఆయన పేరు ఇరికించారు. బయటికొచ్చాక విశ్వవిద్యాలయం ఉద్యోగం లేదు. 1989లో ప్రజాబంధు అని పేరు పెట్టుకున్న ముఠా ఆయన్ని ఎత్తుకుపోయింది.

ఒకరి తర్వాత ఒకరు పోయారు. 1985లోనే జగిత్యాలలో వకీలు గోపి రాజన్న. 1986లో కరీంనగర్‌లో జాపా లక్ష్మారెడ్డి. 1991 డిసెంబరులో హనుమకొండలో వకీలు నర్రా ప్రభాకర్ రెడ్డి. 2000 నవంబరులో హైదరాబాద్‌లో టి. పురుషోత్తం. 2001 ఫిబ్రవరిలో నల్లగొండలో ఆజం అలీ. ఆ చివరి ఇద్దరినీ తుపాకీతో కాకుండా పట్టపగలు కత్తులతో నరికేశారు. లొంగిపోయిన నక్సలైట్లతో తయారైన చీకటి ముఠాలు, వాటికో పులి పేరో పాము పేరో. ఇతరుల చావులకు కారణం రాసిన చేతులకు తమ చావులకు సాక్ష్యం దొరకని రోజులు వచ్చాయి. అయినా సంఘం మూతపడలేదు. 1990ల్లో సంఘం పంపిన ఫిర్యాదుల మీదే జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి విచారించింది. 1997 మార్చి 29న కమిషన్ అధ్యక్షుడు జస్టిస్ వెంకటాచలయ్య అన్ని రాష్ట్రాల ముఖ్యమంత్రులకూ లేఖ రాశారు. ఎన్‌కౌంటర్ జరిగితే కేసు నమోదు చేయాలి, వేరే సంస్థ విచారించాలి అని. ఇవాళ దేశంలో ఎక్కడ ఎన్‌కౌంటర్ మీద ప్రశ్న లేచినా ఉటంకించే ఆ నియమాల వెనుక వరంగల్, కరీంనగర్ ఊళ్ళలో నడిచిన కాళ్ళున్నాయి.

ఈ గాథలో బయటి తూటాల కంటే లోపలి పగులు నన్ను ఎక్కువ బాధపెడుతుంది. నక్సలైట్ల పార్టీ అయిన పీపుల్స్‌వార్ దళాలు ఇన్‌ఫార్మర్లని చెప్పి చంపినవాళ్ళలో చాలామంది పేదవాళ్ళే. కూలివాళ్ళు, దళితులు, ఆదివాసులు. ఠాణాకు పిలిస్తే భయపడి పోయినవాళ్ళు, దెబ్బలకు తాళలేక ఏదో చెప్పినవాళ్ళు. వాళ్ళ చావుకు నిజనిర్ధారణ ఎవరు చేయాలి? రాజ్యహింసను ప్రశ్నించడమే మన పని, ఉద్యమ హింసను రాజ్యహింసతో ఒకే గాటన కట్టకూడదన్నది సంఘంలో బలంగా ఉన్న ఒక వాదన. మనిషి ప్రాణం పోయిన ప్రతి చోటా ప్రశ్న ఉండాలన్నది బాలగోపాల్ వాదన. మొదటి వాదనలో నిజం లేకపోలేదు. రాజ్యం చట్టానికి జవాబుదారీ, దాని చేతిలో జైళ్ళూ కోర్టులూ ఉన్నాయి, కాబట్టి దాని తప్పు ఎప్పుడూ బరువైనదే. అయినా ఇన్‌ఫార్మర్ అన్న ముద్రతో చనిపోయినవాడి భార్యకు ఆ తేడా ఏ అన్నం పెడుతుంది? ఏళ్ళ తరబడి చర్చ సాగింది, కలవలేదు. 1998లో బాలగోపాల్, ఆయనతో ఏకీభవించినవాళ్ళు విడిపోయి మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. ఒకరి మీద ఒకరికి గౌరవం పోలేదు. కానీ ఒకటిగా ఉన్న గొంతు రెండైంది. ఎన్‌కౌంటర్లు అత్యధికంగా జరిగిన ఆ రోజుల్లోనే.

ఆ పగులు కనిపిస్తుండగానే 1997లో మరో ప్రయత్నం మొదలైంది. రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ కన్వీనర్‌గా పౌర స్పందన వేదిక ఏర్పడింది. కన్నబిరాన్, పాత్రికేయుడు పొత్తూరి వెంకటేశ్వరరావు, ఆచార్యులు జి. హరగోపాల్, డి. నరసింహారెడ్డి, కొత్తపల్లి జయశంకర్ తదితరులు అందులో ఉన్నారు. శంకరన్ గారి గురించి కాస్త ఆగి చెప్పాలి. వెట్టిచాకిరీ రద్దు చట్టాన్ని కాగితం మీంచి ఊళ్ళలోకి తెచ్చిన అధికారి ఆయన. పెళ్ళి చేసుకోలేదు. పెన్షన్‌లో ఎక్కువ భాగం దళిత పిల్లల చదువులకే పోయేదని ఆయన్ని ఎరిగినవాళ్ళందరూ చెబుతారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ దళం ఆయన్ని, మరికొందరు ఐఏఎస్ అధికారులను బందీలుగా పట్టుకుంది. జైల్లో ఉన్న తమ మనుషులను విడిపించుకున్నాకే వదిలింది. తనను చెరపట్టినవాళ్ళ మీద ఆయనకు పగ లేదు. పదేళ్ళ తర్వాత అటువైపూ ఇటువైపూ నెత్తురు ఆపడానికి ఆయనే ముందుకొచ్చారు. 2005లో పద్మభూషణ్ ప్రకటిస్తే వద్దన్నారు.

ఆ వేదిక తన గొంతును మూడో గొంతు అని చెప్పుకుంది. ప్రభుత్వానిది ఒకటి, పార్టీది ఒకటి, ఆ రెండింటి మధ్య నలిగే ఊరిది మూడోది. సభ్యులు జిల్లాలు తిరిగారు. ఎన్‌కౌంటర్‌లో కొడుకు పోయిన ఇంటికీ వెళ్ళారు, దళం చంపిన సర్పంచి ఇంటికీ వెళ్ళారు, మందుపాతరకు పోయిన కానిస్టేబుల్ ఇంటికీ వెళ్ళారు. ముఖ్యమంత్రికి లేఖలు రాశారు, పీపుల్స్‌వార్‌కు లేఖలు రాశారు. చట్టాన్ని మీరే తుంగలో తొక్కితే ప్రజలు చట్టాన్ని ఎలా నమ్ముతారని వీళ్ళను అడిగారు. మీ తుపాకీ పేదవాడు నోరు విప్పే చోటునే చిన్నది చేస్తోందని వాళ్ళను అడిగారు. పార్టీ పొడవైన జవాబులు రాసింది, కొన్ని తప్పులు ఒప్పుకుంది, కొన్నింటికి వాదించింది. ప్రభుత్వం మర్యాదగా విన్నది. తర్వాత ఎవరి పని వారు చేసుకుపోయారు. 1999 డిసెంబరు 2న పార్టీ కేంద్ర కమిటీ సభ్యులు నల్లా ఆదిరెడ్డి, సంతోష్ రెడ్డి, శీలం నరేశ్ కొయ్యూరు అడవిలో ఎదురుకాల్పుల్లో చనిపోయారన్నారు పోలీసులు. వేరే రాష్ట్రంలో పట్టుకొచ్చి చంపారని పౌరహక్కుల వాళ్ళన్నారు. మూడు నెలలకు, 2000 మార్చి 7న, మంత్రి మాధవరెడ్డిని ఘట్‌కేసర్ దగ్గర మందుపాతరతో పేల్చేశారు. వేదిక సభ్యులు రెండింటినీ ఖండించారు. ఒక వైపు తప్పును చెప్పినప్పుడు రెండో వైపు వాళ్ళు చప్పట్లు కొట్టేవారు, తమ తప్పు దగ్గరికొచ్చేసరికి మొహం తిప్పుకునేవారు. ఏడేళ్ళు ఇదే జరిగింది, ఏడేళ్ళూ వాళ్ళు మానలేదు.

2002లో ఒకసారి చర్చల దాకా వచ్చి ఆగిపోయింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో చంద్రబాబు నాయుడు మీద మందుపాతర పేలింది. 2004 ఎన్నికల్లో వై.ఎస్. రాజశేఖర రెడ్డి నాయకత్వంలో కాంగ్రెస్ గెలిచింది. చర్చలు జరుపుతామన్నది ఆ పార్టీ ఎన్నికల మాట. జూన్‌లో కాల్పులు ఆగాయి. పీపుల్స్‌వార్ మీద నిషేధాన్ని పొడిగించకుండా వదిలేశారు. తెలంగాణ ఊళ్ళలో ఏళ్ళ తర్వాత రాత్రిపూట కుక్కలు అరిచినా జనం ఉలిక్కిపడకుండా పడుకున్న నెలలవి.

అక్టోబరులో నల్లమల నుంచి నాయకులు బయటికొచ్చారు. అప్పటికే పీపుల్స్‌వార్, మరో నక్సలైట్ పార్టీ ఎంసీసీఐ కలిసి మావోయిస్టు పార్టీ అయ్యాయి. రామకృష్ణ, సుధాకర్, గణేశ్ ఆ పార్టీ తరఫున, అమర్, రియాజ్ ఇంకో నక్సలైట్ పార్టీ జనశక్తి తరఫున. 15 నుంచి 18 దాకా నాలుగు రోజులు హైదరాబాద్‌లో మంజీరా అతిథి గృహంలో హోంమంత్రి జానారెడ్డితో చర్చలు. రెండు పక్కల మధ్య శంకరన్, కన్నబిరాన్, హరగోపాల్, పొత్తూరి మధ్యవర్తులుగా కూర్చున్నారు. ముప్పై ఏళ్ళు ఒకరినొకరు తుపాకీ గొట్టం గుండా మాత్రమే చూసుకున్నవాళ్ళు ఒకే గదిలో మంచినీళ్ళు తాగుతూ భూమి గురించి మాట్లాడుకున్నారు. అతిథి గృహం బయట జనం బారులు తీరారు. చేతుల్లో అర్జీలు. పట్టా ఇప్పించండి, కబ్జా అయిన చెక్క తిరిగి ఇప్పించండి, కొడుకు జాడ చెప్పండి అని. ప్రభుత్వాఫీసుల్లో ఎవరూ తీసుకోని కాగితాలు అక్కడికి వచ్చాయి. నాకు ఆ నాలుగు రోజుల్లో అన్నిటికంటే పెద్ద విషయం ఆ బారులే. రాష్ట్రం తన లోటును తనే చూసుకునే అవకాశం అది. ఎంత భూమి పంచాలో, ఎవరి దగ్గర ఎంత ఉందో వాదించుకున్నారు. ఆ చర్చల వేడిలోంచే భూమి సమస్యల మీద కోనేరు రంగారావు కమిటీ పుట్టింది. ఆ చర్చల్లో నిలిచిన ఫలం అదొక్కటే.

ఆయుధాల దగ్గర బిగుసుకుంది. ఊళ్ళలో తిరిగేటప్పుడు తుపాకులు ఉండకూడదని ప్రభుత్వం. తుపాకి లేకుండా తిరగమనడం చావమనడమేనని పార్టీ. రెండు వైపుల భయాలూ నిజమైనవే. అలాంటప్పుడే మూడో మనిషి అవసరం. కాల్పుల విరమణను ఎవరు ఎక్కడ ఉల్లంఘించారో అక్కడికక్కడ వెళ్ళి తేల్చే, ఇద్దరూ కట్టుబడే పర్యవేక్షక కమిటీ ఒకటి గట్టిగా నిలబడి ఉంటే ఆ నమ్మకం పెరిగేదని నా గట్టి అభిప్రాయం. ఆ పనికి కావాల్సిన మనుషులు అదే గదిలో ఉన్నారు. నిజనిర్ధారణను ముప్పై ఏళ్ళు చేసి చేసి ఆ కళలో పండిపోయినవాళ్ళు. ఆ అధికారం మాత్రం వాళ్ళ చేతికి రాలేదు. మధ్యవర్తులుగా కూర్చోబెట్టారు, తీర్పరులుగా ఒప్పుకోలేదు.

రెండో విడత చర్చలు జరగనే లేదు. శాంతి మాట నడుస్తుండగానే పార్టీ వసూళ్ళూ బలగాల సమీకరణా ఆపలేదని పోలీసులన్నారు. గాలింపులు మళ్ళీ మొదలయ్యాయని పార్టీ అంది. 2005 జనవరి మొదటి వారాల్లో ఎన్‌కౌంటర్లు జరిగాయి. మధ్యవర్తులు ఇద్దరినీ బతిమాలారు. జనవరి 17 నాటికి మావోయిస్టులు, జనశక్తి చర్చల నుంచి తప్పుకున్నట్టు ప్రకటించారు. మార్చి 7న మానాల అడవిలో పది మంది జనశక్తి వాళ్ళు చనిపోయారు. నాలుగు రోజులకు చిలకలూరిపేట పోలీస్ స్టేషన్ మీద మావోయిస్టులు దాడి చేశారు. జూలై 1న రియాజ్‌ను ఎదురుకాల్పుల్లో చంపామన్నారు పోలీసులు. మంజీరాలో మంత్రి ఎదుట కూర్చున్నవాడు తొమ్మిది నెలలు తిరగకముందే పాత అచ్చు వార్తలో శవమై తేలాడు. ఆగస్టు 15న నారాయణపేటలో మక్తల్ ఎమ్మెల్యే చిట్టెం నర్సిరెడ్డినీ, ఆయన కొడుకునూ, వాళ్ళతో ఉన్నవాళ్ళనూ మావోయిస్టులు కాల్చి చంపారు. జెండా పండగ పూట. రెండు రోజుల్లో నిషేధం తిరిగొచ్చింది. పార్టీతో పాటు ప్రజాసంఘాల మీదా వేటు పడింది. కోబ్రాల పేరుతో ముఠాలు మళ్ళీ బయల్దేరాయి. ఆ నెలలోనే పాలమూరులో ఉపాధ్యాయుడు కనకాచారిని నరికారు.

ఎవరిది తప్పని నన్ను అడిగితే తప్పించుకోను. ఎన్నికల్లో మాటిచ్చి, బల్ల దగ్గరికి పిలిచి, బల్ల మీద మాట తెగకముందే తుపాకులను అడవికి పంపిన ప్రభుత్వానిదే పెద్ద తప్పు. ఎమ్మెల్యేను, ఆయన పక్కనున్నవాళ్ళను స్వాతంత్ర్య దినాన కాల్చి, శాంతి కోరినవాళ్ళ నోట మాట రాకుండా చేసినవాళ్ళది చిన్న తప్పేమీ కాదు. ఆ హత్యాకాండతో మూడో గొంతు నిలబడే నేలను పార్టీయే లాగేసింది. ఆ తర్వాత శాంతి అనే మాట ఎత్తితే జనమే అనుమానంగా చూసే పరిస్థితి.

అయినా కోర్టులో ఒక దారి మిగిలింది. 2009 ఫిబ్రవరి 6న రాష్ట్ర హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పౌరహక్కుల సంఘం వేసిన కేసు. ఎన్‌కౌంటర్‌లో మనిషి చనిపోతే కాల్చినవాళ్ళ మీద హత్య కేసు నమోదు కావాల్సిందే, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందే అని. గిరాయిపల్లి పల్లెజనం ముప్పై ఏళ్ళ కిందట చెప్పిన సాక్ష్యానికి ఇంత కాలానికి చట్టంలో చోటు దొరికింది. నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు దాన్ని నిలిపేసింది.

ఆ ఏడాది అక్టోబరు 8న బాలగోపాల్ పోయారు. 57 ఏళ్ళు. తుపాకీ వల్ల కాదు, గుండె వల్ల. సరిగ్గా సంవత్సరానికి ఒక్క రోజు తక్కువగా, 2010 అక్టోబరు 7న శంకరన్ పోయారు. ఆ డిసెంబరు 30న కన్నబిరాన్ పోయారు. పదిహేను నెలల్లో ముగ్గురూ. మరుసటి ఏడాది జయశంకర్, 2020లో పొత్తూరి. వాళ్ళ చోటు భర్తీ చేయడానికి కొత్తవాళ్ళు రాలేదని కాదు. వచ్చినవాళ్ళ మీద ఉపా చట్టం కింద కేసులు వచ్చాయి, ఇళ్ళ మీద సోదాలు వచ్చాయి. ఇంకో పెద్ద మార్పు కూడా జరిగింది. పోరు తెలుగు జిల్లాల నుంచి దండకారణ్యంలోకి తరలిపోయింది. చనిపోయేవాళ్ళు గోండీ మాట్లాడే పల్లెల వాళ్ళు, కాల్చేది కేంద్ర బలగాలు, లెక్క అడగాల్సింది ఢిల్లీని. హైదరాబాద్ నుంచి ఆర్టీసీ బస్సులో బయల్దేరి సాయంత్రానికి చేరుకునే ఊళ్ళు కావవి.

2025 వసంతంలో మావోయిస్టులు కాల్పులు ఆపి చర్చలకు సిద్ధమని ప్రకటించారు. హైదరాబాద్‌లో మాజీ న్యాయమూర్తి చంద్రకుమార్, హరగోపాల్ లాంటివాళ్ళు శాంతి చర్చల కమిటీగా ఏర్పడి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిని కలిశారు. ముఖ్యమంత్రి వెళ్ళి జానారెడ్డిని సంప్రదించారు. 2004 అనుభవం ఉన్న మనిషి ఆయనే కదా. కేంద్రం అప్పటికే 2026 మార్చి 31 అని గడువు పెట్టుకుంది, చర్చల మాట వినలేదు. మే 21న పార్టీ ప్రధాన కార్యదర్శి, శ్రీకాకుళం జిల్లా మనిషి నంబాళ్ళ కేశవరావు, ఆయనతో మరికొందరు ఛత్తీస్‌గఢ్‌లోని నారాయణపూర్ అడవుల్లో చనిపోయారు. శవాలు ఇప్పించమని కుటుంబాలు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు దాకా వెళ్ళాయి. కొన్నాళ్ళకు ఆయన దేహాన్ని పోలీసులే అక్కడే దహనం చేశారు.

మంజీరాలో మావోయిస్టుల తరఫున కూర్చున్న ముగ్గురిలో రామకృష్ణ 2021 అక్టోబరులో అడవిలోనే జబ్బుతో పోయాడు. సుధాకర్ 2025 జూన్ 5న బీజాపూర్ జిల్లాలో, గణేశ్ జూన్ 18న రంపచోడవరం ఏజెన్సీలో ఎదురుకాల్పుల్లో చనిపోయారన్నారు. మధ్యవర్తులుగా కూర్చున్నవాళ్ళలో హరగోపాల్ గారు మిగిలారు. వయసు మీద పడింది. ఆయన మీదా ఉపా కేసులో పేరు చేర్చి, తర్వాత వెనక్కి తీసుకున్నారు. ఆయన ఇప్పటికీ వేదికలెక్కి, చర్చలు జరపండి అనే అడుగుతున్నారు.